బొడ్డ చెట్టు దారి

మన ఇళ్లలో ఈ చెట్టుకి ఒక్క పేరు లేదు. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లం బొడ్డ అంటాం. గోదావరి వాళ్లు మేడి అంటారు, ఇంకొందరు అత్తి అంటారు. రాయగడ బజారులో ఒడియా వాళ్లనడిగితే డిమిరి. పంతులుగారు హోమానికి సమిధలు తెమ్మని రాసిచ్చే చీటీలో ఔదుంబరం అని ఉంటుంది. అన్నీ ఒకటే. మొదలు మీదనే, లావు కొమ్మల మీదనే గుత్తులు గుత్తులుగా కాయలు అంటుకుని ఉంటే అది బొడ్డ చెట్టని దూరం నుంచే చెప్పేయొచ్చు.

చూడాలంటే పెద్ద ప్రయాణం అక్కరలేదు. రాయగడ ఊరు దాటి హాతీపథర్ దగ్గర నాగావళిలో ఏనుగుల్లాంటి బండలున్నాయి కదా, సంక్రాంతికీ కార్తీకమాసానికీ క్యారేజీలు కట్టుకుని మనమంతా వెళ్లే చోటు. అటువైపు ఏటి ఒడ్డునే, వాగు వచ్చి ఏట్లో కలిసే చోటల్లా, తలెత్తి చూస్తే ఒకటో రెండో కనిపిస్తాయి. నీళ్లున్న చోటే ఉంటుంది ఈ చెట్టు. మా అత్తవారి ఊర్లో నుయ్యి తవ్వేవాళ్లు ముందు బొడ్డ ఎక్కడుందో చూసుకునేవారట. ఇది మన పల్లెటూరి నమ్మకమే అనుకునేదాన్ని గాని, సుమారు పదిహేను వందల ఏళ్ల కింద వరాహమిహిరుడు బృహత్సంహితలో, నేల కింద నీళ్లు ఎక్కడున్నాయో చెట్టుని బట్టి ఎలా కనిపెట్టాలో చెబుతూ, మేడిని కూడా లెక్కలోకి తీసుకున్నాడు. దీని కర్ర గాలికీ ఎండకీ తొందరగా పాడైపోతుంది, నీళ్లలో ఉంటే మాత్రం చాలాకాలం నిలుస్తుంది. అందుకే పాతకాలంలో నూతి అడుగున వేసే చట్రానికి దీన్ని వాడేవారు.

మన పిల్లలకి మాత్రం మేడిపండు అంటే బళ్లో చెప్పిన వేమన పద్యమే. పైకి నిగనిగ, లోపల పురుగులు. పద్యం పిరికివాడి గురించి చెప్పింది, పాపం పండుకి చెడ్డపేరొచ్చింది. నేను ఎంతమంది పిల్లల్ని అడిగానో, "ఛీ, పురుగులుంటాయి" అన్నవాళ్లే గాని ఒక్కసారి నోట్లో వేసుకుని చూసినవాళ్లు లేరు.

ఆ పండు తినేవాళ్లని చూడాలంటే బుధవారం పూట చాటికొనా సంతకి వెళ్లాలి. బిస్సంకటక్ దగ్గర, నియమగిరి కొండల కింద. డొంగ్రియా కోందులు తెల్లారేసరికి కొండ దిగి వచ్చేస్తారు. మగవాళ్లకీ ఆడవాళ్లకీ జుట్టు నిండా పిన్నులు, మెడలో పూసలు, నెత్తిన గంపలు. కాలాన్ని బట్టి పసుపు, అనాసలు, పనసకాయలు, సీతాఫలాలు, కొండచీపుళ్లు. మన వాళ్లు చాలామంది అనాసకాయల కోసం వెళతారు. బేరం పెద్దగా ఆడకండి, ఆ గంప ఎన్ని మైళ్లు దిగి వచ్చిందో ఒకసారి కొండ వైపు చూస్తే తెలుస్తుంది.

పోయిన వేసవిలో ఆ సంత చివర ఒక ముసలమ్మ అడ్డాకు దొప్పల్లో బొడ్డపళ్లు పెట్టుకుని కూర్చుంది. ఎర్రగా, కొన్ని వంకాయ రంగుకి తిరిగి. దొప్ప పది రూపాయలు. నాతో వచ్చిన మా అత్త ముందే కింద కూర్చుండిపోయింది. ఇద్దరికీ భాష కలవలేదు. ముసలమ్మకి కువి, కొంచెం ఒడియా. మా అత్తకి తెలుగు, కొంచెం ఒడియా. అయినా పండు తినడం దగ్గర ఇద్దరూ ఒకే పని చేశారు. పండుని బొటనవేళ్లతో రెండుగా చీల్చి, చీల్చిన వైపు అరచేతి మీద టప్ మని కొట్టి, ఉఫ్ మని ఊది, నోట్లో వేసుకున్నారు.

"మా ఊర్లో ఉప్పు అద్దుకునీవోళ్లం బాబూ. సేల కాడకెళ్లినప్పుడు మద్దేన్నం కూడు అదే" అంది అత్త నాతో. "ఏటే అలా సూస్తావ్, తిను. నానేమైనా సచ్చిపోనానా?"

తిన్నాను. అంజూరంత తీపి ఉండదు. గింజలు పళ్ల కింద కరకరమంటాయి, వెనకాల కొంచెం వగరు. బాగా పండినదైతే తేనె వాసన. అంజూర పండుకిది సొంత చుట్టమే. బజారులో కిలో వందల రూపాయలకి అమ్మే ఎండు అంజూరాలూ, వాగు పక్కన ఊరికే రాలిపోయే ఈ పళ్లూ, మన రావి, మర్రి, జువ్వి, అన్నీ ఒకే కుటుంబం. శ్రీలంక నుంచి మన దేశం మీదుగా బర్మా, ఇండోనేషియా, ఆస్ట్రేలియా ఉత్తరపు కొస దాకా ఈ బొడ్డ చెట్టు ఉంది. కంపెనీ దొరల కాలంలో మన సామర్లకోటలో ఉండి చెట్లూ మొక్కలూ పరిశీలించిన రాక్స్‌బర్గ్ అనే డాక్టరు, కోరమాండల్ తీరపు మొక్కల మీద వేసిన బొమ్మల పుస్తకంలో దీన్ని కూడా ఎక్కించాడు. గుత్తులుగా కాస్తుంది కాబట్టి గ్లోమెరాటా అని పేరు పెట్టాడు. అంతకుముందే లిన్నేయస్ పెట్టిన రాసిమోసా అన్న పేరే ఇప్పుడు పుస్తకాల్లో నిలిచింది. దానర్థమూ గుత్తే.

ఇక పురుగుల సంగతి. దాచి చెప్పను, ఉంటాయి. కాని అవి కుళ్లులో పుట్టే పురుగులు కావు. ఈ చెట్టుకి పువ్వు బయట పూయదు. మనం కాయ అనుకునేది ఒక మూసిన సంచి, దాని లోపలి గోడ నిండా వందలకొద్దీ చిన్న చిన్న పువ్వులు. కాయ చివర కంటికి ఆనీ ఆనని ఒక రంధ్రం. చాలా చిన్న కందిరీగ, ఆడది, వేరే చెట్టు పుప్పొడి మోసుకుని ఆ రంధ్రంలోంచి దూరుతుంది. దారి ఎంత ఇరుకంటే దూరేటప్పుడు రెక్కలు ఊడిపోతాయి. మరి బయటకు రావడం లేదు. లోపల పువ్వులకి పుప్పొడి అంటిస్తుంది, కొన్ని పువ్వుల్లో గుడ్లు పెడుతుంది, అక్కడే చచ్చిపోతుంది. కొన్ని వారాలకి పిల్లలు బయటపడతాయి. మగ పిల్లలకి రెక్కలే ఉండవు. అవి ఆడవాటితో జతకట్టి, కాయ గోడకి కన్నం వేసి, ఆ కాయలోనే ప్రాణం విడుస్తాయి. ఆడవి ఆ కన్నంలోంచి పుప్పొడి ఒళ్లంతా పూసుకుని ఎగిరిపోతాయి, ఒకటి రెండు రోజుల ఆయుష్షులో ఇంకో చెట్టు కాయ వెతుక్కోవాలి. అవి వెళ్లిపోయాకే కాయ మెత్తబడి, ఎర్రబడి, పండవుతుంది. కందిరీగ దూరని కాయ సాధారణంగా పండకుండానే రాలిపోతుంది. అంటే పండులో కనిపించేవి ఎక్కువగా ఆ కన్నం వేసి చచ్చిపోయిన మగవీ, ఆలస్యమైన ఒకటీ అరా. ఉఫ్ మని ఊదితే పోయేవి అవే.

ఈ చెట్టు పువ్వు ఎవరి కంటా పడదు కాబట్టే ఒడియాలో, చాలాకాలం కనబడని మనిషిని డిమిరి ఫుల అంటారు. బెంగాలు జూట్ మిల్లుల్లో పనిచేసిన మన టిటాగఢ్, జగద్దళ్ చుట్టాలు కూడా ఇదే మాట బెంగాలీలో అనడం వినే ఉంటారు. మా లైన్లో వరసగా సి షిఫ్టు పడ్డవాళ్లని అదే మాట పెట్టి పిలుస్తాం. పగలంతా నిద్ర, రాత్రంతా మిల్లు, పక్కింటివాళ్లకి కూడా కనబడరు.

రాయగడ నుంచి కోరాపుట్ వెళ్లడానికి తెల్లారగట్ల హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఉంది. సింగాపూర్ రోడ్ దాటాక లైను రెండుగా చీలిపోతుంది. ఒకటి రాయ్‌పూర్ వైపు, ఒకటి కోరాపుట్ కొండల్లోకి. ఈ రెండోది పూర్తయింది 1998లో. అంతకుముందు కోరాపుట్ అంటే బస్సులో ఘాటీ ఎక్కడమే, చంటిపిల్లలకి వాంతులే. ఇప్పుడు టికిరి, లక్ష్మీపూర్, కాకిరిగుమ్మ, సొరంగం తరవాత సొరంగం. చీకట్లోంచి బయటపడ్డ ప్రతిసారీ కింద ఒక లోయ, లోయ అడుగున మడులు మెట్లు మెట్లుగా, మధ్యలో వాగు. కుడివైపు కిటికీ దొరికినా ఎడమవైపు దొరికినా నష్టం లేదు. వాగుల మీది చిన్న వంతెనల దగ్గర చూస్తూ ఉండండి, ఎండాకాలంలో పక్క చెట్లన్నీ వాడిపోయి ఉంటే బొడ్డ ఒక్కటీ పచ్చగా ఉంటుంది.

ఊళ్ల పేర్లు వింటూ పోతే చెట్లే. సెమిలిగుడ అంటే బూరుగు చెట్ల గూడెం. కోరాపుట్ పేరు ముష్టిచెట్టు నుంచి వచ్చిందని పాత గెజిటీరులో రాశారు. దమన్‌జోడి దాటాక డుమురిపుట్ వస్తుంది. డుమురి అన్నా డిమిరి అన్నా మన మేడే, పుట్ అంటే పల్లె. శ్రీకాకుళం జిల్లా వాళ్లకి ఇది వింతేమీ కాదు, అక్కడా బొడ్డపాడు ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా ఈ కోరాపుట్, రాయగడ అంతా మద్రాసు రాష్ట్రంలో, విశాఖపట్నం జిల్లాతో కలిసి ఉండేది. జైపూర్ రాజావారి జమీను. సరిహద్దు గీత గీసినప్పుడు ఊళ్లు అటూ ఇటూ అయ్యాయి, పేర్లు మాత్రం రెండు పక్కలా చెట్లవే మిగిలాయి. 1992 అక్టోబరు 2న రాయగడ కోరాపుట్ నుంచి విడిపోయి వేరే జిల్లా అయింది. మన మిల్లు 1962లో వచ్చేసరికి ఇది ఇంకా కోరాపుట్ జిల్లాయే, మా మామగారి పాత కాగితాల మీద అడ్రసు అలాగే ఉంటుంది.

శుక్రవారం అయితే సెమిలిగుడ దగ్గర కుందులి సంత చూడకుండా రావద్దు. చాటికొనా కన్నా చాలా పెద్దది. కూరగాయలు, అల్లం, రాగులు, సామలు, ఎండుచేపలు, మేకలు, కుండలు. 2012లో కోరాపుట్ పాతకాలపు వ్యవసాయానికి ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. జైపూర్ వైపు కమలా పూజారి అనే గిరిజన మహిళ నాటు వరి విత్తనాలు ఇంటింటికీ తిరిగి కూడబెట్టి కాపాడింది, 2019లో పద్మశ్రీ అందుకుంది, 2024లో పోయింది. గుర్తింపు పొలంలోని గింజకి వచ్చింది, మంచిదే. గట్టు మీద చెట్టుని మాత్రం ఎవరూ లెక్కపెట్టుకోలేదు. కొండల్లో ఆ చెట్టుకి కూడా ఒక లెక్కుంది. విత్తనాలు చల్లాక పంట చేతికొచ్చే దాకా, జూన్ నుంచి సెప్టెంబరు వరకు, గాదె ఖాళీ. అప్పుడు కడుపు నింపేవి దుంపలు, ఆకుకూరలు, పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు, ఇలాంటి కాయలు. బొడ్డ ఏడాదికి ఒక్కసారి కాసి ఊరుకోదు. వేసవిలో ఎక్కువ కాస్తుంది, తరవాత కూడా విడతలు విడతలుగా కాస్తూనే ఉంటుంది. మనిషి ఎక్కలేని కొమ్మల మీదవి గబ్బిలాలకీ పిట్టలకీ, కింద రాలినవి ఎలుగుబంట్లకీ పశువులకీ.

2001లో వానలు పడుతుండగా మన జిల్లాలోనే కాశీపూర్ బ్లాకులో మామిడి టెంకల గంజి తాగి చాలామంది చనిపోయారు. పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది, పేపర్ల వాళ్లంతా వచ్చారు. టెంకలు తినడం అక్కడ ఎప్పటి నుంచో ఉన్నదే. దాచిన టెంకలకి తేమ తగిలి బూజు పడితే అది విషం. అప్పుడు ఊరంతా "గిరిజనులు టెంకలు తింటారట" అని ఆశ్చర్యపోయింది. తినడానికి వేరేది ఎంత మిగిలింది అని నాకు అనిపించింది.

ఈ మాట ఎందుకంటే, గట్ల మీద బొడ్డలు తగ్గిపోతున్నాయి. గుణుపూర్, బిస్సంకటక్ వైపు బస్సులో వెళ్లినవాళ్లకి తెలుసు, ఒకప్పుడు రాగులు, కందులు, జొన్నలు కలిపి చల్లిన చేలు ఇప్పుడు పత్తి. కలుపుకి మందు కొడుతున్నారు, గట్టు మీద మొలిచిన మొక్క కూడా దాంతో మాడిపోతుంది. ఇంకో పక్క నీలగిరి తోటలు. నీలగిరి, సుబాబుల్, సరుగుడు, ఇవే కదా కాగితానికి గుజ్జు. లారీలు వరసగా మిల్లు గేటు ముందు ఆగి ఉంటే మనకి పని ఉన్నట్టు. ఆ లారీ ఆగిపోతే క్యాంటీన్ దగ్గర మొహాలు ఎలా ఉంటాయో మనం చూశాం. నీలగిరి వేసిన రైతుని తిట్టే నోరు నాకు లేదు. తోట కొట్టిన డబ్బుతో కూతురి పెళ్లి చేశానని, ఇంటి మీద రేకులు వేశానని చెప్పిన రైతు దగ్గర కూర్చుని మజ్జిగ తాగాను.

ఆ రైతు పొలం చివర వాగు ఒడ్డున ఒక బొడ్డ మొదలు కొట్టేసి ఉంది. ఎందుకు కొట్టావయ్యా అని అడిగాను.

"నీడ పడతాది అక్కా. నీడలో మొక్క ఎదగదు అని చెప్పినారు."

"పళ్లు తినేవాళ్లు కదా మీవాళ్లు?"

"ముసలోళ్లు తినీవోళ్లు. మా పిల్లలు తినరు. మీ పిల్లల్లాగే." అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. మన కాలనీ పిల్లలతో కలిసి చదువుకుంటున్న వాళ్ల పిల్లలు మన దగ్గర నేర్చుకున్నదాంట్లో ఇదొకటన్నమాట. నీడ మాట కూడా పూర్తిగా నిజం కాదు. వాగు అంచున నాలుగడుగులు వదిలేస్తే నీలగిరికి వచ్చే నష్టం ఎంత? రెండు వరసలు. అక్కడ ఎలాగూ గట్టు కోసుకుపోతుంది, బొడ్డ వేళ్లే దాన్ని పట్టి ఉంచుతాయి. తోట పెట్టేవాళ్లకి మొక్కలిచ్చి, ఎంత దూరంలో నాటాలో టేపు పెట్టి చూపించేవాళ్లు, వాగు దగ్గర ఎక్కడ ఆగాలో కూడా ఒక గీత గీసి చూపిస్తే సరిపోతుంది. మన ఇళ్లలో ఆ పని మీద ఊళ్లకి వెళ్లే అబ్బాయిలు ఉన్నారు. వాళ్లు ఇది చదువుతారనే రాస్తున్నాను.

వంట సంగతి అడుగుతారని తెలుసు. కూరకి పచ్చికాయలే కావాలి, చిన్నవి, గట్టివి. పెద్దవైతే లోపల గింజ ముదిరి, పురుగు కూడా తయారై ఉంటుంది. ఆకు నున్నగా ఉన్న చెట్టువే కోయండి. ఆకు గరుకు కాగితంలా ఉండి, కాయ మీద నూగు ఉంటే అది బొమ్మమేడి, దాన్ని పశువులకి వదిలేయండి. కోసేటప్పుడు పాలు కారతాయి, చేతికి నూనె రాసుకోవాలి. ఒక్కో కాయ నాలుగు చెక్కలు చేసి, లోపలి గుజ్జు గీకేసి, ఉప్పు పసుపు వేసిన నీళ్లలో గంటసేపు నానబెట్టాలి. ఒక పొంగు ఉడికించి ఆ నీళ్లు పారబొయ్యాలి, వగరు పోతుంది. ఆ తరవాత మనవాళ్ల పద్ధతిలో అయితే వెల్లుల్లి, ఎండుమిరపకాయ, ఆవాల పోపులో వేపుడు. శనగపప్పు వేసినా బాగుంటుంది. ఒడియా వాళ్లు ఆవముద్ద పెట్టి చేస్తారు, నాకు అదే నచ్చింది. బెంగాలు వాళ్లు బంగాళాదుంప కలిపి మసాలా పెడతారు. మా అత్త మాత్రం చింతపండు పులుసే. షుగరుకి మంచిదని కొందరు బెరడు కషాయం తాగుతున్నారు. ఆయుర్వేదంలో దీని బెరడుకి చోటున్న మాట నిజమేగాని, మిల్లు ఆస్పత్రి డాక్టరుగారిచ్చిన మాత్రలు మానేసి మాత్రం తాగకండి.

మొన్న చాటికొనా నుంచి తెచ్చిన పళ్లలో సగం మా అత్త తినేసింది, మిగతావి క్వార్టరు వెనక గోడ మీద ఆరబెట్టింది. మూడో రోజుకి మా లైను పిల్లలు ఇద్దరు వచ్చి ఆ గోడ దగ్గర నిలబడ్డారు. ఒకడు చీల్చి చూశాడు. "పురుగు ఉందే" అన్నాడు. "అది ఆ పండుకి డ్యూటీ చేసి చచ్చిపోయింది, ఊదేసి తిను" అంది అత్త. వాడు ఊదాడు, కాని తినలేదు. రెండోవాడు తిన్నాడు. ఇంకోటి అడిగాడు.